బైండింగుకు పంపే ముందు

(అయ్యంకి వెంకటరమణయ్య గారి స్మృత్యర్థం చేసిన ఉపన్యాస పాఠం)



అయ్యంకి వారి పేరు మీద సభ పెడితే గ్రంథాలయోద్యమం గురించి మాట్లాడటం ఆనవాయితీ. 1914లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో జరిగిన సభ, అక్కడ ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, పాతూరి నాగభూషణం గారు కాలువ మీద నడిపిన పడవ గ్రంథాలయం, వేటపాలెంలో సారస్వత నికేతనం. ఇవన్నీ మీరు విన్నవే. ఇవాళ నేను ఆ కథ మళ్ళీ చెప్పను. ఆ కథ మనదాకా ఎలా చేరిందో చెబుతాను. అయ్యంకి వారు స్వయంగా నడుపుతూ తమ పేరు కన్నా ఎక్కువగా ప్రేమించిన 'గ్రంథాలయ సర్వస్వము' పత్రికనే తీసుకోండి. ఆనాటి సభల్లో ఎవరేం మాట్లాడారో, ఏ ఊళ్ళో ఏ గ్రంథాలయం తెరిచారో పరిశోధకులు వెతికేది ఆ పత్రికలోనే. విడి సంచికలు ఎక్కువ కాలం నిలవవు. చేతులు మారతాయి, చెద తింటుంది, ఇల్లు సర్దే రోజున పాత కాగితాల్లో కలిసిపోతాయి. ఏదో ఒక గ్రంథాలయంలో ఎవరో ఒక ఉద్యోగి ఏడాది సంచికల్ని వరసగా పేర్చి, కుట్టించి, అట్ట కట్టించి, వెన్ను మీద పేరు వేయించి బీరువాలో పెట్టాడు కాబట్టి మనకు దక్కాయి. ఆ ఉద్యోగి పేరు ఎక్కడా రాసి ఉండదు.

అందుకే ఈరోజు విషయం బైండింగు. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాలకూ పత్రికలకూ బైండింగు ఎలా జరగాలి, ఎవరు నిర్ణయించాలి, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి. బైండింగు అంటే బైండరు చేసే పని అని మనలో చాలామంది అభిప్రాయం. పుస్తకం బైండరు చేతికి వెళ్ళేసరికే దాని భవిష్యత్తు చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఏది పంపాలి, ఏది పంపకూడదు, ఏ కుట్టు వేయాలి, ఎంత కోయాలి, ఏమేమి వదలకుండా కలపాలి అన్నవి గ్రంథాలయాధికారి తీర్పులు. మనం ఆ తీర్పు చెప్పకపోతే బైండరు తన వీలును బట్టి చెప్పుకుంటాడు. అతన్ని తప్పుపట్టలేం.

పత్రికలతో మొదలుపెడతాను. పుస్తకం చిరిగితే మరో ప్రతి కొనే అవకాశం కొంతైనా ఉంటుంది. పాత పత్రికకు అది లేదు.

మన గ్రంథాలయాల్లో పాత తెలుగు పత్రికల సంపుటాలు తెరిస్తే ఒక విషయం వెంటనే కనిపిస్తుంది. చాలావాటికి ముఖచిత్రాలు ఉండవు. ముందూ వెనకా ఉన్న ప్రకటనల పుటలు ఉండవు. బైండింగుకు ముందు వాటిని చింపి పారేయడం ఒకప్పుడు పద్ధతిగానే సాగింది. సంపుటం పలచబడుతుంది, కుట్టు సులువవుతుంది, 'అసలు విషయం' మిగులుతుంది అని ఆలోచన. ఆ చింపేసిన పుటల్లో ఏముందో ఒకసారి చూడండి. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ వ్యాపారపు రాబడి ఆయన పత్రికలకు అండగా నిలిచింది. 1924 జనవరిలో, రుధిరోద్గారి సంవత్సర పుష్యమాసంలో, ఆయన 'భారతి' ప్రారంభించారు. 1928లో మద్రాసులో 'గృహలక్ష్మి' ప్రారంభించిన కేసరి గారు లోధ్ర మందు తయారుచేసిన వైద్యులు. తెలుగులో సాహిత్య పత్రికలు ఎవరి డబ్బుతో బతికాయి, చందా ఎంత, ఏ ఊళ్ళో ఏజెంటు ఉన్నాడు, ఆనాటి ఆడవాళ్ళకు ఏ మందులు ఏ మాటలతో అమ్మారు అన్న ప్రశ్నలకు జవాబులు ఆ అట్టల మీదా, ఆ ప్రకటనల్లోనూ ఉన్నాయి. కథ ఎప్పుడు మొదటిసారి అచ్చయిందో చెప్పే నెల పేరు కూడా కొన్ని పత్రికల్లో ముఖపత్రం మీద మాత్రమే ఉండేది. అట్ట పోతే తేదీ పోయినట్టే.

కనుక మొదటి నియమం, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: సంచికలోంచి ఒక్క కాగితం కూడా తీయకూడదు. అట్ట, ప్రకటన, చందా ఫారం, సవరణ పత్రం, అన్నీ కలిపే కుట్టాలి. సంపుటం మందమైతే రెండుగా చేయండి. నెలకు నూరు పుటల పత్రిక ఏడాదికి 1,200 పుటలవుతుంది. దాన్ని ఒకే సంపుటంగా కుడితే ఒక చేత్తో తీయలేని బరువు తయారవుతుంది, తన బరువుకే వెన్ను ఊడుతుంది. ఆరు నెలలకొకటి చేస్తే ఇంకొక అట్ట ఖర్చు, అంతే.

ప్రత్యేక సంచికల దగ్గర మరో రకం నష్టం జరుగుతుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో స్థాపించిన 'గోలకొండ' పత్రిక 1934లో వెలువరించిన 'గోలకొండ కవుల సంచిక' మీకు తెలుసు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవుల్ని అచ్చులో నిలబెట్టిన సంచిక అది. పేరుకు సంచిక, స్వభావానికి పుస్తకం. ఇలాంటిదాన్ని ఆ ఏడాది పత్రికల కట్టలో కలిపి కుట్టేస్తే కేటలాగులో కనిపించదు. వెతికేవాడికి ఆ కట్ట విప్పాలన్న ఆలోచనే రాదు. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలదీ ఇదే పరిస్థితి. వాటికి విడిగా ఆక్సెషన్ నంబరు ఇచ్చి, విడిగా బైండు చేయించి, పత్రిక సంపుటంలో ఆ చోట ఒక చీటీ పెట్టాలి. ఈ నిర్ణయం బైండరుకు సూచనలిచ్చే బైండింగు స్లిప్పు రాసే రోజునే జరగాలి. కుట్టు పడ్డాక విడదీయడం అంటే మళ్ళీ వెన్ను కోయడమే.

లేని సంచికల సంగతి ఇంకా చిక్కు. పన్నెండులో పది దొరికాయి, రెండు లేవు. ఏం చేయాలి? ఎంతకాలం ఆగాలి? పూర్తి అయ్యేదాకా ఆగుదామని పురికొసతో కట్టి అల్మారా పైన పెడతాం. ఆ కట్టలోంచి మరో రెండు పోతాయి. పోయిన సంచికల కోసం ఎదురుచూస్తూ ఉన్న సంచికల్ని పోగొట్టుకున్న గ్రంథాలయాలు నాకు తెలుసు. ప్రచురణకర్తకు రాయండి, ఇతర గ్రంథాలయాల్ని అడగండి, ఒక ఏడాది ఆగండి. ఆ తరువాత లేని సంచికల మందానికి సరిపడా ఖాళీ కాగితపు రెమ్మలు మధ్యలో పెట్టించి బైండు చేయించండి. దొరికిన రోజున ఆ రెమ్మలకు అతికించవచ్చు. వెన్ను మీద 'అసంపూర్ణం' అని స్పష్టంగా వేయించండి. ఆ అక్షరాలు చూసి తన ఇంట్లో ఉన్న సంచిక తెచ్చిచ్చే పాఠకుడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు.

వెన్ను మీద అక్షరాల విషయంలో మరో మాట. పాత తెలుగు పత్రికల్లో సంపుటం, సంచిక అంకెలు తెలుగు అంకెల్లో ఉంటాయి. ఏడాది పేరు రక్తాక్షి, క్రోధన, అక్షయ అని సంవత్సరాల పేర్లతో ఉంటుంది. బంగారు రేకు అక్షరాలు కొట్టే పనివాడికి తెలుగు అంకెలు రాకపోతే ౨, ౩ తారుమారవుతాయి. ఒక్క అంకె తప్పితే ఆ సంపుటం తన వరసలోంచి తప్పిపోయి మరెక్కడో కూచుంటుంది. స్లిప్పు మీద ఏం వేయాలో అక్షరం పొల్లుపోకుండా మనమే రాసివ్వాలి. తెలుగు సంవత్సరంతో పాటు ఇంగ్లీషు నెలా ఏడాదీ, ఇప్పుడు వాడే అంకెల్లో. పత్రిక ఒక్కొక్కదానికి ఒకే రంగు, వెన్ను మీద ఒకే ఎత్తులో పేరు. ఇవి అలంకారం కోసం అనుకుంటారు. దూరం నుంచి బీరువా చూడగానే మధ్యలో ఖాళీ ఎక్కడుందో కనబడటం వాటి ప్రయోజనం.

ఇక కుట్టు. అచ్చుపని తెలిసినవారికి ఫారం తెలుసు. పెద్ద కాగితం మీద పదహారు పుటలు అచ్చేసి మడిస్తే ఒక ఫారం. ఫారాల మడతల్లోంచి దారం పోనిచ్చి, నాడాల మీదుగా ఒకదానికొకటి కలిపి కుట్టడం ఉత్తమమైన పద్ధతి. హైదరాబాదులో బైండింగు చేసే దఫ్తరీలు దాన్ని జుజ్‌బందీ అనేవారు. అలా కుట్టిన పుస్తకం బల్ల మీద పూర్తిగా తెరుచుకుంటుంది. ఈ పనికి సమయం పడుతుంది, ఓర్పు కావాలి. అందుకే చాలాచోట్ల పక్కకుట్టు వేస్తారు. వెన్ను పక్కన పై నుంచి కిందికి రంధ్రాలు పొడిచి దారం లాగేస్తారు. పని త్వరగా అయిపోతుంది, గట్టిగా కనిపిస్తుంది. కానీ లోపలి మార్జిన్‌లో సెంటీమీటరు దాకా మింగేస్తుంది. పుస్తకం తెరుచుకోదు. చదివేవాడు రెండు చేతులతో నొక్కి పట్టుకోవాలి. జిరాక్సు తీసేవాడు గాజు మీద బోర్లించి మోచేత్తో అదుముతాడు. వెన్ను విరిగేది అప్పుడే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్‌లలో తెలుగు పుస్తకాలు చదివినవారికి లోపలి అంచున అక్షరాలు వంగి, సగం కనిపించి, కొన్నిచోట్ల మాయమైన పుటలు ఎన్నో ఎదురై ఉంటాయి. ఆ అక్షరాలు పోయింది స్కానింగులో అనుకుంటాం. చాలాసార్లు అవి అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పక్కకుట్టులో పోయాయి.

ఫారాలు విడిపోయిన పుస్తకాలకూ, ఇప్పుడు వస్తున్న వేడిజిగురు పుస్తకాలకూ మరో దారి ఉంది. ఆకుల అంచును రెండు వైపులకూ వంచి సన్నగా పీవీఏ జిగురు పట్టిస్తే, ఒక్కో ఆకు పక్క ఆకును పట్టుకుంటుంది. బాగా చేస్తే పుస్తకం తేలిగ్గా తెరుచుకుంటుంది, మార్జిన్ మిగులుతుంది. నున్నటి ఆర్టు పేపరుకు మాత్రం ఇది నమ్మకం లేదు. ఏ పుస్తకానికి ఏ పద్ధతి అన్నది దాన్ని చేతిలోకి తీసుకుని తెరిచి చూసినవాడే చెప్పగలడు. అందుకే 'అన్నిటికీ ఒకే రకం' అని రాసే బైండింగు ఆర్డరును నేను ఎప్పుడూ వ్యతిరేకించాను.

కోత గురించి ఎక్కువ చెప్పను. మూడు వైపులా కటింగు మిషను పెడితే అంచులు సమంగా వస్తాయి, చూడ్డానికి బాగుంటుంది. ఒక పుస్తకం జీవితంలో మూడుసార్లు బైండింగుకు వెళితే మూడుసార్లూ కోస్తారు. మార్జిన్‌లో పెన్సిలుతో రాసిన మాటలు, పుట అంకెలు, చివరికి వాక్యాలు కూడా పోతాయి. స్లిప్పు మీద 'కోయవద్దు' అన్నది మామూలుగా ఉండాలి. కోయమని చెప్పాల్సివస్తే ఎందుకో రాయాలి.

వాడే సామగ్రి దగ్గరకు వస్తే, మన ప్రాంతానికి సంబంధించిన ఒక పాత సంగతి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండులో తోలు బైండింగులు అకాలంగా చెడిపోతున్నాయని గగ్గోలు పుట్టింది. వెన్ను మీది తోలు ఎర్రటి పొడిగా రాలిపోయేది. లండన్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ నిపుణులతో ఒక కమిటీ వేసింది. 1901లో వచ్చిన నివేదికలో, చవక బైండింగులకు విరివిగా వాడుతున్న ఈస్టిండియా మేక, గొర్రె తోళ్ళు అతి చెడ్డవని తేల్చారు. ఆ తోళ్ళు దక్షిణ భారతంలో పదును చేసి ఎగుమతి చేసేవి. పదునుకు వాడిన ముఖ్యమైన చెక్క తంగేడు. తంగేడు చెక్క తోలుకు మంచి రంగునిస్తుంది, మెత్తదనమిస్తుంది, చెప్పులకు, సంచులకు చక్కగా పనికొస్తుంది. కానీ ఆ జాతి టానిన్ ఉన్న తోలు గ్యాసు దీపాల గదుల్లో గాలిలోని గంధకపు ఆమ్లాన్ని పీల్చుకుని కుళ్ళుతుంది. కరక్కాయ, సుమాక్ వంటి మరో జాతి టానిన్‌తో చేసినవి అంతకన్నా బాగా తట్టుకున్నాయి. ఇందులో తంగేడు తప్పు లేదు, మన చర్మకారుల తప్పు అంతకన్నా లేదు. చెప్పుకు తగిన తోలును నూరేళ్ళు ఉండాల్సిన పుస్తకానికి వాడింది కొనుగోలుదారు. ధర తక్కువ, కట్టిన రోజున రెండు తోళ్ళూ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలిసేది ఏళ్ళు గడిచాకే.

ఇప్పుడు తోలు పోయింది, క్యాలికో, బక్రం, రెక్సిన్ వచ్చాయి. తీర్పు మాత్రం అదే. గడ్డితో చేసిన స్ట్రాబోర్డులో ఆమ్లం ఉంటుంది, అది పక్క కాగితానికి పాకుతుంది. చవక రెక్సిన్ మన ఎండకు కొన్నేళ్ళలో పగులుతుంది. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపడం మన బైండర్ల పాత అలవాటు. పురుగు ఆగుతుంది, కానీ అందులోని రాగి కాగితపు పీచును లోలోపల బలహీనం చేస్తుంది. కాగితానికీ అట్టకూ పీచు వాటం ఉంటుంది. వాటం వెన్నుకు సమాంతరంగా ఉంటేనే పుస్తకం సాఫీగా తెరుచుకుంటుంది, లేకపోతే వానాకాలంలో అట్ట విల్లులా వంగుతుంది. 1965లోనే అప్పటి భారత ప్రమాణాల సంస్థ గ్రంథాలయ పుస్తకాల, పత్రికల దృఢ బైండింగుకు ఐఎస్ 3050 పేరుతో ఒక నియమావళి ఇచ్చింది. ఎన్ని బైండింగు టెండర్లలో దాని ప్రస్తావన ఉంటుంది?

టెండరు దగ్గరికి వచ్చాం కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. సైజును బట్టి సంపుటానికి ఇంత అని రేటు అడుగుతాం. అందరికన్నా తక్కువ వేసినవాడికి పని ఇస్తాం. దారం ఏది, అట్ట ఎంత మందం, కుట్టు ఏది అన్నవి కాగితం మీద లేకపోతే తక్కువ వేసినవాడు వాటిలోనే మిగుల్చుకుంటాడు. వేరే దారి అతనికి లేదు. ముందు మనకు కావాల్సిన సామగ్రి, కుట్టు వివరాలు రాయాలి, ఒక సంపుటం నమూనాగా చేయించి తెరిచి చూడాలి, ఆ నమూనాను విభాగంలోనే ఉంచుకోవాలి. తరువాత వచ్చిన ప్రతి కట్టలోంచి కొన్నిటిని దానితో పోల్చాలి. పంపే ముందు పుటలు లెక్కపెట్టాలి, వచ్చాక మళ్ళీ లెక్కపెట్టాలి. ఈ రెండో లెక్క మనం దాదాపు మానేశాం. ఒక సంచిక తలకిందులుగా కుట్టారన్న సంగతి పదేళ్ళ తరువాత పాఠకుడు చెబితే గాని తెలియడం లేదు.

డబ్బు విడుదలయ్యే కాలం మరో ఇబ్బంది. నిధులు ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి, మార్చి నెలాఖరులోగా ఖర్చు చూపించాలి. పరీక్షల ముందు, విద్యార్థులకు పుస్తకాలు అత్యవసరమైన రోజుల్లో వందల సంపుటాలు ఒక్కసారి బయటికి వెళతాయి. బైండరు కూడా వాటిని హడావిడిగా లాగించేస్తాడు. బైండింగుకు వేసవి సెలవులు మంచి కాలం. చదివేవాళ్ళు తక్కువ, జిగురు బాగా ఆరుతుంది. వాన మొదలయ్యాక పంపితే తడి ఆరని సంపుటాలు బూజుతో తిరిగొస్తాయి. బైండింగు పద్దును ఏడాది పొడవునా చిన్న చిన్న విడతలుగా ఖర్చుపెట్టే అనుమతి తెచ్చుకోవడం కోసం ఫైనాన్సు విభాగంతో పోట్లాడటం కూడా గ్రంథాలయాధికారి పనే. సొంత బైండింగు విభాగం ఉన్న విశ్వవిద్యాలయాలు బైండరు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగా వదిలేస్తున్నాయి. రోజుకు రెండు పుస్తకాలు మరమ్మతు చేసే మనిషి గ్రంథాలయంలోనే ఉంటే బయటికి పంపాల్సిన వందలో చాలావరకు అవసరమే పడదు.

"ఇప్పుడంతా ఆన్‌లైనులో ఉంది కదా, ఇంకా బైండింగు ఎందుకు?" ఈ ప్రశ్న నన్ను పాలకమండళ్ళలో చాలాసార్లు అడిగారు. గౌరవంతోనే జవాబు చెబుతాను. సైన్సు పత్రికల విషయంలో ఆ మాట చాలావరకు నిజం. 1907 నుంచి నడిచిన 'కెమికల్ ఆబ్‌స్ట్రాక్ట్స్' 2010 జనవరి నుంచి అచ్చు ఆపేసింది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు విశ్వవిద్యాలయాలకు అందుతున్నాయి. ఆ పత్రికల అచ్చుప్రతులకు ఇక బైండింగు ఖర్చు పెట్టనక్కరలేదు. దశాబ్దాల పాటు మన బైండింగు పద్దులో పెద్ద వాటా వాటికే పోయింది. ఆనాటి అవసరానికి అది సరైనదే. అదే బీరువాల పక్కన తెలుగు పత్రికలు పురికొసతో కట్టిన కట్టలుగా ఉన్నాయి. ఇప్పుడు ఆ వాటా ఖర్చు కాకుండా మిగులుతోంది. దాన్ని రద్దు చేయమని అడుగుతున్నారు. నేను అడిగేది ఆ మొత్తాన్ని అలాగే ఉంచి తెలుగు వైపు మళ్ళించమని.

ఎందుకంటే ప్రపంచంలో మరెవరూ ఆ పని చేయరు. విదేశీ పత్రిక వెనక పెద్ద కంపెనీ ఉంది, వేల గ్రంథాలయాల్లో ప్రతులున్నాయి. జిల్లా కేంద్రంలో నాలుగేళ్ళు నడిచి ఆగిపోయిన సాహిత్య త్రైమాసిక పత్రికకు మన పత్రికల విభాగం తప్ప దిక్కులేదు. డిజిటల్ ప్రతి ఇవ్వాలన్న 2009 యూజీసీ నిబంధనలకు ముందరి సిద్ధాంత గ్రంథాల పరిస్థితీ అంతే. చాలావాటికి టైపు చేసిన ప్రతి, దాని కార్బను కాపీ, అంతకుమించి లేవు. వాటిని అభ్యర్థులు బజారులో పక్కకుట్టుతో, మెరిసే రెక్సిన్‌తో కట్టించి తెచ్చారు. ఇప్పుడు అక్షరాలు చెరుగుతున్నాయి, అట్టలు పెచ్చులూడుతున్నాయి. స్కాను చేయాలంటే ముందు ఆ కుట్టు విప్పాలి.

అన్నీ బైండు చేయమని మాత్రం అనను. పుట మూలను ముందుకూ వెనక్కూ ఒకటి రెండుసార్లు మడిచేసరికే తెగిపోయే కాగితానికి ఏ కుట్టూ మేలు చేయదు. సూది పెట్టిన చోటల్లా చిరుగుతుంది. అలాంటిదాన్ని ఆమ్లం లేని అట్టపెట్టెలో పెట్టి, నాడాతో కట్టి, స్కానింగుకు పంపాలి. మన తాళపత్రాల కట్టు అలాంటిదే. రెండు చెక్కపలకలు, ఆకుల రంధ్రాల్లోంచి ఒక తాడు. ఎప్పుడైనా విప్పవచ్చు, వరస సరిచేయవచ్చు, మళ్ళీ కట్టవచ్చు.

ఒక ప్రతిపాదనతో విరమిస్తాను. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర, కాకతీయ, నాగార్జున, తెలుగు విశ్వవిద్యాలయాల పత్రికల విభాగాలు కూర్చుని తెలుగు పత్రికల్ని పంచుకోవాలి. ఏ పత్రిక పూర్తి సంపుటాలకు ఎవరు బాధ్యులో నిర్ణయించుకోవాలి. బాధ్యత తీసుకున్న గ్రంథాలయానికి మిగిలినవాళ్ళు తమ దగ్గరున్న విడి సంచికలు ఇచ్చేయాలి. అది అట్టలతో, ప్రకటనలతో సహా కుట్టించి, స్కాను చేసి అందరికీ పంచాలి. అందుకు మొదటి చిత్తుగా ఆగిపోయిన తెలుగు పత్రికల జాబితా ఒకటి తయారుచేసి తెచ్చాను. సభ అయ్యాక పత్రికల విభాగానికి ఇస్తాను. మీ బీరువాల్లోనూ, అల్మారాల పైన ఉన్న పురికొస కట్టల్లోనూ చూసి, ఉన్న సంచికల ఎదుట గుర్తుపెట్టి, వేసవి సెలవుల్లోపు తిరిగి పంపండి.